ఊరు పెరిగింది, సెంటర్ మాత్రం అలాగే ఉంది: గోదావరి డెల్టా జిల్లాల అధికారులకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గార్లకి, ఎస్పీ గార్లకి, మున్సిపల్ కమిషనర్లకి, ఆర్ అండ్ బీ, నేషనల్ హైవే, ఇరిగేషన్, పంచాయతీరాజ్ ఇంజనీర్లకి, లేఅవుట్లకి పర్మిషన్ ఇచ్చే ప్లానింగ్ వాళ్ళకి,

నమస్కారమండి. మీ పనుల ఒత్తిడి మాకు తెలుసు, అందుకే నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

మేము డెల్టాలో కాలువ పక్కనున్న ఒక టౌన్లో నాలుగు రోడ్ల సెంటర్ చుట్టూ బతికేవాళ్ళం. నాది మూల మీద మందుల షాపు. పక్కన టిఫిన్ హోటలు, ఎదురుగా ఆటో స్టాండు, వంతెన దిగగానే కొబ్బరి బొండాల బండి, ఇలా అందరం కలిసి ఈ సెంటర్ గురించి అర్జీలు పెట్టాం. ఒక ఆఫీసులో ఈ రోడ్డు మాది కాదన్నారు, ఇంకో ఆఫీసులో వంతెన మాది కాదన్నారు, మూడో చోట సిగ్నల్ పెట్టాలంటే ముందు ఇంకొకళ్ళు లెటర్ రాయాలన్నారు, చివరికి ఫోన్‌కి మీ అర్జీ పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చింది. సెంటర్లో మాత్రం ఒక తెల్ల గీత కూడా కొత్తగా పడలేదండి. అందుకే ఇలా అందరూ చదివేలా రాయాల్సొచ్చింది.

ఊరి పేరు కావాలనే రాయట్లేదు. ఏ ఒక్క ఆఫీసునో ఆఫీసర్నో నిలదీయడానికి రాసిన లేఖ కాదిది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం, రావులపాలెం, మండపేట, ఎక్కడోళ్ళు చదివినా ఇది మా సెంటర్ సంగతే అనుకుంటారని మా నమ్మకం.

ముందు మా సెంటర్ ఎలా పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే సగం ప్రమాదం అక్కడే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 లో పూర్తయ్యాక కాలువలు తవ్వారు, ఆ కాలువలు పొలాలకి నీళ్ళ కోసమే కాదు పడవల కోసం కూడా. కాలువ గట్టు మీదే రోడ్డు పడింది, పడవ కిందనుంచి వెళ్ళేలా వంతెన ఎత్తుగా కట్టారు, వంతెన దిగే చోట నాలుగు దార్లు కలిశాయి, అక్కడే సంత, అక్కడే బస్సులు ఆగే చోటు, అక్కడే ఊరి సెంటర్. ఎడ్లబళ్ళు, సైకిళ్ళు తిరిగిన రోజుల్లో దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు అదే వంతెన ఎక్కి దిగుతుంటే అవతల సెంటర్లో ఏముందో పైకొచ్చేదాకా కనపడదు, కనపడేసరికి బండి దిగుడులో ఉంటుంది. 60 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి ఆగాలంటే ముందు 80 మీటర్ల దూరం కనపడాలని మన దేశపు రోడ్డు స్టాండర్డుల్లోనే ఉంది. మా వంతెన మీద నుంచి అందులో సగం కూడా కనపడదు, ఎవరైనా వచ్చి టేపు పట్టుకుని కొలుచుకోవచ్చు. వెడల్పు చేద్దామంటే ఒక పక్క కాలువ, ఇంకో పక్క తాతల నాటి ఇళ్ళు షాపులు. మెట్ట ప్రాంతం ఊళ్ళలాగా పక్కకి జరిగే వీలు డెల్టాలో లేదు, అందుకే ఇక్కడ రోడ్డు వెడల్పు చేసేయండి అనే ఒక్క మాటతో పని అవదు.

ఇంక జనం సంగతి. 2011 లెక్కల్లో ఉమ్మడి తూర్పు గోదావరిలో 51 లక్షల 54 వేల మంది, పశ్చిమ గోదావరిలో 39 లక్షల 36 వేల మంది. 2021 లో జరగాల్సిన జనగణన జరగలేదు, మళ్ళీ 2027 లోనే. అంటే ఇప్పుడు ఏ ఫైల్లో చూసినా మా ఊరి జనాభా అని రాసేది 2011 నాటి అంకె. ఆ తర్వాత ఊరి చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు లేఅవుట్లు అయ్యాయి, అపార్ట్‌మెంట్లు లేచాయి, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు, రొయ్యల ప్లాంటు బస్సులు, ఫంక్షన్ హాళ్ళు, సూపర్ మార్కెట్లు, అన్నీ వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం మున్సిపాలిటీ హద్దు దాటి పక్క పంచాయతీల్లో ఉన్నాయి కాబట్టి టౌన్ జనాభా కాగితం మీద పెద్దగా పెరిగినట్టు కనపడదు. కానీ ఆ పంచాయతీల జనం పిల్లల్ని స్కూల్లో దింపాలన్నా, ఆసుపత్రికి రావాలన్నా, బస్సెక్కాలన్నా మా సెంటర్ దాటాల్సిందే. పైగా 2022 ఏప్రిల్ 4 న కొత్త జిల్లాలు వచ్చాయి, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్ళు జిల్లా కేంద్రాలయ్యాయి, జిల్లా మొత్తం నుంచి సంతకాల కోసం కేసుల కోసం జనం రావడం మొదలైంది. జిల్లా రావడం మాకూ సంతోషమే, కానీ తాలూకా స్థాయికి సరిపోయే రోడ్ల మీదకి జిల్లా ట్రాఫిక్ వచ్చి పడింది, ఆ ముక్క ఎవరో ఒకరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి కదండి.

మా వాదనకి మూలం ఒక చిన్న లెక్క. ఊరు రెట్టింపైతే ప్రమాదం కూడా రెట్టింపే అవుతుందిలే అనుకుంటారు చాలామంది. సెంటర్లో అలా అవదు. ఇటు రోడ్డు మీద బళ్ళు రెండింతలు, అడ్డంగా వచ్చే రోడ్డు మీద కూడా రెండింతలు అయితే ఒకదానికొకటి ఎదురుపడే సందర్భాలు రెండు రెళ్ళు నాలుగింతలు అవుతాయి. సిగ్నల్ లేని నాలుగు రోడ్ల కూడలిలో బళ్ళ దారులు ఒకదాన్నొకటి కోసుకునే, కలిసే, విడిపోయే చోట్లు 32 అని ట్రాఫిక్ ఇంజనీరింగ్ చదివిన ప్రతి ఒక్కళ్ళకీ తెలుసు. మూడు రోడ్ల సెంటర్లో అవి 9, ఒక లైన్ రౌండ్ అబౌట్లో, అంటే మధ్యలో గుండ్రటి దిమ్మె చుట్టూ తిరిగి వెళ్ళే సెంటర్లో, 8. అంటే జనం పెరిగే కొద్దీ మామూలు రోడ్డు కంటే సెంటరే ముందు పాడవుతుంది, అక్కడే ముందు పని జరగాలి, మన దగ్గర మాత్రం ముందు రోడ్డుకి తారు పోసి సెంటర్ని అలాగే వదిలేస్తున్నారు. తారు కొత్తదయ్యాక స్పీడు ఇంకా పెరుగుతుంది. సగటు స్పీడు 1 శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది.

ఇప్పుడు మా కళ్ళ ముందు జరిగేవి నంబర్లు వేసి రాస్తున్నాను.

1. పొద్దున 8 నుంచి 9:30 దాకా. స్కూల్ ఆటోలు, కాలేజీ బస్సులు, పాల బళ్ళు, రొయ్యల ప్లాంటుకి వెళ్ళే ఆడోళ్ళ బస్సులు, కలెక్టరేట్‌కి వెళ్ళే కార్లు, అన్నీ ఒకేసారి. బస్సు సరిగ్గా మలుపు మొదట్లో ఆగుతుంది, ఎందుకంటే స్టాపు అక్కడే, దాని వెనక ఆటో ఆగుతుంది, దాన్ని దాటుకుని బైకు బయటికొస్తుంది, ఆ బైకోడికి అడ్డంగా వచ్చే స్కూటీ కనపడదు. ఎవళ్ళ తప్పు అంటే ఎవళ్ళదీ అని చెప్పలేం, అక్కడ ఎవరున్నా అలాగే నడుపుతారు.

2. నడిచేవాళ్ళు. మా సెంటర్లో జీబ్రా లైన్లు ఒకప్పుడు ఉండేవి, ఇప్పుడు చెరిగిపోయాయి. డివైడర్ మధ్యలో నిలబడడానికి చోటు లేదు. మొన్న వానాకాలంలో రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని చేసే ఒకావిడ, చేతిలో కేరేజీ, తలమీద కండువా, సగం రోడ్డు దాటి మధ్యలో ఇరుక్కుపోయింది, ఎడమ పక్కన బస్సు, కుడి పక్కన కొబ్బరి లారీ, వెనక్కి అడుగేసింది, స్కూటీ హేండిల్ తగిలి పడింది. నేనూ హోటలాయనా పట్టుకొచ్చి షాపు మెట్ల మీద కూచోబెట్టాం. మణికట్టు విరిగింది. ఆవిడ ముందు అడిగింది నొప్పి గురించి కాదండి, షిఫ్ట్‌కి లేటయితే మస్టర్ వేస్తారా వెయ్యరా అని. తర్వాత ఆ సీజనంతా ఆవిడకి పని లేదు, రొయ్య ఒలవాలంటే రెండు చేతులూ కావాలి. కేసు లేదు, ఎఫ్ఐఆర్ లేదు, ఏ లెక్కలోనూ ఆవిడ లేదు.

3. చేపల లారీలు. ఇది పశ్చిమ డెల్టా వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఐస్ కరిగిన నీళ్ళు ట్రేల నుంచి కారతానే ఉంటాయి, లారీ సెంటర్లో బ్రేకు కొట్టి తిరిగేటప్పుడు ఒక్కసారిగా ఒలుకుతాయి, ఆ జిగురు నీళ్ళ మీద బైకు టైరు నిలవదు. వంతెన దిగుడు, మలుపు, జిగురు, మూడూ ఒకే చోట. వారం తిరక్కుండా ఎవరో ఒకరు మోచేతులు మోకాళ్ళు గీరుకుపోయి షాపు ముందుకొస్తారు, దూదీ బెటాడినూ కౌంటర్ కిందే పెట్టుకుంటాను, వెతుక్కునే టైము ఉండదు.

4. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్లు, గడ్డి ట్రాక్టర్లు. గడ్డి రెండు పక్కలా రోడ్డంతా పరుచుకుని వస్తుంది, వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ ఉండదు. పుంత రోడ్డు (పొలాల మధ్య బండి దారి) నుంచి మెయిన్ రోడ్డెక్కే చోట చీకట్లో ఆ ట్రాక్టర్ అడ్డంగా ఉందని దగ్గరకొచ్చేదాకా తెలీదు.

5. రాత్రి. పగలు రద్దీలో దెబ్బలు తగులుతాయి, ఎముకలు విరుగుతాయి. ప్రాణాలు పోయేది ఎక్కువగా రాత్రి పది దాటాక, తెల్లారగట్ల, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఇది మేము చూసిన దాన్నిబట్టి చెప్తున్నాం. సిగ్నళ్ళు ఉన్న ఊళ్ళలో కూడా రాత్రిపూట పసుపు లైటు బ్లింక్ అవ్వడమే. హైవే నుంచి దిగిన లారీ అదే ఊపులో వస్తుంది, సందులోంచి ఒక బైకు వస్తుంది, ఇద్దరూ రోడ్డు ఖాళీ అనుకుంటారు. ఎన్‌హెచ్ 16 మీద రావులపాలెం, తణుకు చుట్టుపక్కల, కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్ళే ఎన్‌హెచ్ 216 మీద కోనసీమ ఊళ్ళలో బతికే వాళ్ళకి ఈ భయం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఊరి జనం పొలానికి వెళ్ళాలన్నా హైవే దాటాలి.

6. మూలలు. నాలుగు మూలల్లో మూడింటి దగ్గర ఫ్లెక్సీలు, పండగొస్తే పందిరి, పుట్టినరోజులొస్తే ఇంకో వరస. అవి సరిగ్గా బండి మీద కూచున్న మనిషి కంటి ఎత్తులో ఉంటాయి. మూల తెరిచి ఉంటే కనపడే బండి ఫ్లెక్సీ ఉంటే కనపడదు. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, తీసేస్తే చాలు.

ఇవన్నీ చిన్న విషయాలని ఎవరైనా అనుకుంటే దేశం లెక్క చూడండి. 2022 లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. అందులో బైకుల మీద వెళ్ళేవాళ్ళు 44.5 శాతం, నడిచి వెళ్ళేవాళ్ళు 19.5 శాతం. రెండూ కలిపితే లక్షా ఏడు వేలు దాటుతుంది. కారులో బెల్టు పెట్టుకుని కూచునేవాళ్ళ కంటే ముందు పోయేది బైకు మీద పెళ్ళాం పిల్లలతో వెళ్ళేవాడు, కేరేజీ పట్టుకుని నడిచేవాడు. డెల్టా టౌన్లలో తిరిగే జనంలో ఎక్కువమంది వీళ్ళే కదండి.

ఒక ఇంట్లో ఇలాంటిది జరిగితే ఆ తర్వాత ఏమవుతుందో మందుల షాపులో కూచునేవాడికి బాగా తెలుస్తుంది, ఎందుకంటే చీటీలు నా దగ్గరికే వస్తాయి. తలకి దెబ్బయితే కాకినాడో, రాజమండ్రో, విజయవాడో తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పటికి విలువైన మొదటి గంట దారిలోనే పోతుంది. ఆటో డ్రైవర్ కాలు విరిగితే ఆటో ఫైనాన్స్ కిస్తీ ఆగదు. కౌలు రైతు నడుం విరిగితే ఆ పంట పక్కోడికి వదిలేయాలి. మెళ్ళో పుస్తెల తాడు బ్యాంకుకెళ్తుంది, తర్వాత పెద్దాడి కాలేజీ ఫీజు ఆగుతుంది, ఆ పిల్లాడు మెకానిక్ షెడ్డులో చేరతాడు. మందుల చీటీ మొదటి నెల పూర్తిగా కొంటారు, రెండో నెల సగం కొంటారు, మూడో నెల నొప్పి బిళ్ళలొక్కటే అడుగుతారు. 2025 లో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షా 50 వేల వరకు డబ్బు కట్టక్కర్లేకుండా వైద్యం అన్నారు, అది మంచిదే, కానీ మా సెంటర్లో పడినవాళ్ళలో దాని పేరు విన్నవాళ్ళు నాకు ఒక్కళ్ళు కూడా కనపడలేదు. పైగా ఎనిమిదో రోజు నుంచి ఖర్చు మళ్ళీ ఇంటి మీదే.

ఇంకో ముఖ్యమైన ముక్క. మేము ఎప్పుడు అడిగినా ఇది బ్లాక్ స్పాట్ లిస్టులో లేదు అంటున్నారు. బ్లాక్ స్పాట్ అంటే ఏంటో మేమూ తెలుసుకున్నాం. నేషనల్ హైవే మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో ప్రాణం పోయినవి గానీ పెద్ద దెబ్బలు తగిలినవి గానీ 5 ప్రమాదాలు జరగాలి, లేదా మూడేళ్ళలో 10 మంది చనిపోవాలి. అంటే లిస్టులోకి ఎక్కాలంటే ముందు మనుషులు పోవాలి, వాళ్ళకి కేసు రాయాలి. మణికట్టు విరిగిన ఆవిడ, మోకాళ్ళు గీరుకుపోయిన కుర్రోళ్ళు, తృటిలో తప్పించుకున్న స్కూలు పిల్లలు, వీళ్ళెవరూ ఆ లెక్కలోకి రారు. కానీ రేపు ఎక్కడ ప్రాణం పోతుందో ముందే చెప్పేది ఈ చిన్న దెబ్బలే. పెరిగే ఊళ్ళలో మూడేళ్ళ పాత లెక్క పట్టుకుని కూచుంటే ఆ మూడేళ్ళలో ఇంకో మూడు లేఅవుట్లు వస్తాయి, లెక్క ఎప్పటికీ వెనకే ఉంటుంది.

కుర్రోళ్ళు హెల్మెట్ పెట్టుకోరు, రాంగ్ రూట్లో వస్తారు, మందు తాగి నడుపుతారు అని మీరంటారు. నిజమేనండి, మేము కాదనట్లేదు, వాళ్ళకి ఫైన్లు వేయండి, మేము సపోర్ట్ చేస్తాం. హెల్మెట్ లేక 2022 లో దేశంలో 50 వేల మంది పోయారు, ఆ విషయంలో మా పిల్లలకి మేము కూడా గట్టిగా చెప్పుకోవాలి. కానీ రాంగ్ రూట్లో ఎందుకొస్తారో కూడా చూడండి, యూటర్న్ ఊరి చివర దూరంగా పెట్టి, స్కూలు ఈ పక్కన ఉంటే, జనం రాంగ్ రూట్లోనే వస్తారు. మనిషన్నాక తప్పు చేస్తాడు, ఆ తప్పుకి శిక్ష ప్రాణం అవ్వకుండా కట్టడమే రోడ్డు కట్టేవాళ్ళ పని.

ఈ మాట మేము సొంతంగా కనిపెట్టింది కాదు, చట్టంలో ఉంది. 2019 లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 198ఏ అనే సెక్షన్ పెట్టారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ స్టాండర్డు ప్రకారం లేక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, బాధ్యులైన సంస్థకి, కాంట్రాక్టర్‌కి, కన్సల్టెంట్‌కి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీలు ఉండాలని సుప్రీంకోర్టు 2017 నవంబర్ 30 న ఇచ్చిన తీర్పులో ఉంది. రోడ్డు క్రాసింగ్ దగ్గర, ఎత్తు వంతెన మీద బండి ఆపకూడదని కేంద్రం రూల్సులో ఎప్పట్నుంచో ఉంది. చట్టం కొరత లేదు, మా సెంటర్ దాకా దాన్ని తెచ్చే మనిషి కొరత ఉంది.

అందుకని మేము అడిగేవి ఇవి.

1. ప్రతి సెంటర్‌కీ ఒక్క బాధ్యుడు. రోడ్డు ఆర్ అండ్ బీది, వంతెన ఇరిగేషన్ వాళ్ళది, లైటు మున్సిపాలిటీది, పక్క సందు పంచాయతీది, మలుపు హైవే వాళ్ళది, ఇలా అయిదుగురి చేతుల్లో ఉన్నంతకాలం ఎవరూ బాధ్యులు కారు. కలెక్టర్ గారు ఒక ఆర్డర్ వేసి ఫలానా సెంటర్ బాధ్యత ఫలానా ఇంజనీరుదని తేల్చాలి, ఆ హోదా, ఆఫీసు ఫోన్ నంబరు సెంటర్లో బోర్డు మీద రాయించాలి. మిగతావన్నీ దీని తర్వాతే, ఇది జరక్కపోతే కింద రాసినవేవీ జరగవని మాకు అనుభవం మీద తెలిసింది.

2. కొత్త లేఅవుట్‌కి, అపార్ట్‌మెంట్‌కి, ఫంక్షన్ హాలుకి, కాలేజీకి పర్మిషన్ ఇచ్చే ముందు ఆ బళ్ళు ఏ సెంటర్ మీదకొచ్చి పడతాయో లెక్క తీయాలి. ఆ సెంటర్ తట్టుకోలేకపోతే దాన్ని బాగుచేసే ఖర్చులో వాటా ఆ వెంచర్ వాళ్ళే కట్టాలి, పని అయ్యాకే ప్లాట్లు అమ్ముకోవాలి. ఇప్పుడు లాభం వెంచర్ వాళ్ళకీ, దెబ్బలు రోడ్డు దాటేవాళ్ళకీ పోతున్నాయి. పంచాయతీ హద్దు, మున్సిపాలిటీ హద్దు అనే తేడా లేకుండా ఈ రూలు పెట్టాలి. మాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఎందుకంటే ఇవాళ సెంటర్ బాగుచేసినా ఇలాగే పర్మిషన్లు ఇచ్చుకుంటూ పోతే అయిదేళ్ళకి మళ్ళీ మొదటికొస్తాం.

3. బస్ స్టాపు, ఆటో స్టాండు మలుపు మొదట్లో నుంచి తీసి సెంటర్ దాటాక అవతల పెట్టండి. ఆటోవాళ్ళు ఒప్పుకోరు అనుకోవద్దు, ఈ లేఖ రాయడానికి వాళ్ళు కూడా కూచున్నారు, నీడ ఉన్న చోటు ఇస్తే కదులుతామన్నారు.

4. మూలలు ఖాళీ చేయించాలి. ఫ్లెక్సీలు ఏ పార్టీవైనా, ఏ హీరోవైనా సెంటర్లో వద్దు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్తగా విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది, ఆ పెద్దలందరూ మాకు గౌరవమే, వాళ్ళకి గౌరవంగా పార్కులో చోటివ్వండి. తోపుడు బళ్ళని మాత్రం లాఠీతో తోలొద్దండి, 2014 లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వేరే చోటు చూపించి మార్చండి, బొండాల బండాయన పొట్ట కొట్టి రోడ్డు భద్రత తెచ్చారు అనే మాట మాకొద్దు.

5. నడిచేవాళ్ళకి దారి. మన స్టాండర్డు లెక్కలో మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటారు, ఆ లెక్కన 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకి ఇంకా ఎక్కువ పడుతుంది. సిగ్నల్ పెడితే ఆవిడని దృష్టిలో పెట్టుకుని టైము పెట్టండి, డివైడర్ మధ్యలో నలుగురు నిలబడే చోటు కట్టండి, జీబ్రా లైను దగ్గర రోడ్డునే కాస్త ఎత్తు చేయండి. స్పీడ్ బ్రేకర్లు వేస్తే కూడా స్టాండర్డులో ఉన్నట్టు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, రంగు వేసి, ముందు బోర్డు పెట్టి వేయండి. కాలనీవాళ్ళు సిమెంటు పోసి కట్టుకున్న గుట్టల వల్ల నడుం విరిగినవాళ్ళు కూడా నా దగ్గరికి వస్తున్నారు.

6. వంతెన దిగే వైపు స్పీడు 30 కి తగ్గించాలి, బోర్డు ఒక్కటే కాదు, రోడ్డే అలా కట్టాలి. కాలువ వెంబడి పిట్టగోడ లేని చోట రెయిలింగు వేయాలి, రిఫ్లెక్టర్లు పెట్టాలి. సెంటర్‌కి నాలుగు పక్కలా లైట్లు వెలగాలి, కాలిపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారో ఆ బోర్డు మీదే రాయాలి. చోటున్న సెంటర్లలో సిగ్నల్ కంటే చిన్న రౌండ్ అబౌట్ మంచిదేమో మీ ఇంజనీర్లే చూసి చెప్పాలి, అది రాత్రిపూట కూడా స్పీడు తగ్గిస్తుంది, కరెంటు పోయినా పనిచేస్తుంది.

7. చేపల లారీలకి నీళ్ళు పట్టే తొట్టి లేకపోతే రోడ్డెక్కనివ్వొద్దు. చెరువుల దగ్గర, ప్లాంటుల దగ్గర చెక్ చేస్తే చాలు. గడ్డి ట్రాక్టర్లకి రిఫ్లెక్టర్ టేపు మేమే చందాలేసుకుని కొనిస్తాం, అంటించే రోజు పోలీసు వాళ్ళు నిలబడితే చాలు.

8. చిన్న దెబ్బల లెక్క కూడా తీసుకోండి. 108 వాళ్ళ దగ్గర, ఆర్ఎంపీల దగ్గర, మాలాంటి మందుల షాపుల దగ్గర ఉన్న సమాచారం పేర్లు లేకుండా నెలకోసారి జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి చేరేలా ఏర్పాటు చేయండి. మా సెంటర్‌కి సంబంధించి నోట్ బుక్ రాయడం ఇప్పటికే మొదలుపెట్టాం, ఎవరడిగినా ఇస్తాం. కమిటీ మీటింగులో ఏం నిర్ణయించారో ఊళ్ళో నోటీసు బోర్డులో పెట్టండి.

2027 లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకి, రోడ్లకి నిధులు వస్తాయి, రాష్ట్రం నలుమూలల నుంచి బస్సులూ కార్లూ మన ఊళ్ళ మీదుగానే నది దగ్గరికి వెళ్తాయి. సంక్రాంతి మూడు రోజులకే భీమవరం చుట్టుపక్కల రోడ్లు ఎలా ఉంటాయో మీరు చూస్తున్నారు, పుష్కరాలు పన్నెండు రోజులు. ఆ పనుల లిస్టులో ఘాట్‌కి వెళ్ళే దారిలో ఉన్న ప్రతి సెంటర్నీ విడిగా రాసి, విడిగా డబ్బు కేటాయించండి. రోడ్డు పనిలో సెంటర్ కూడా ఉందిలే అని కలిపేస్తే తారు పడుతుంది, సెంటర్ మళ్ళీ ఇలాగే ఉంటుంది.

మేము అడిగేది ముప్పై రోజుల్లో ఒక జాయింట్ తనిఖీ. అన్ని శాఖల ఇంజనీర్లూ ఒకే రోజు రండి, వేరువేరుగా వద్దు. రెండు టైముల్లో రండి, పొద్దున 8 కి ఒకసారి, రాత్రి 10 కి ఒకసారి. మధ్యాహ్నం 12 కి వచ్చి చూసి ట్రాఫిక్ ఏమీ లేదని రాసుకెళ్ళొద్దని మనవి. తనిఖీ అయ్యాక ఏది చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అనేది రాతపూర్వకంగా ఇవ్వండి. చేయలేం అన్నా సరే, సంతకంతో ఇవ్వండి, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో మేము చూసుకుంటాం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఇదే లేఖని మా నోట్ బుక్ కాపీతో కలిపి సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీకి పంపుతాం, 198ఏ కింద ఏం చేయొచ్చో లాయర్ల సలహా కూడా తీసుకుంటున్నాం.

తనిఖీకి వచ్చే రోజు ముందు రోజు చెప్పండి, షాపులు మూసి అందరం అక్కడే ఉంటాం, ఏ బండి ఎక్కడి నుంచి ఎలా వస్తుందో నిలబడి చూపిస్తాం.

ఇట్లు,
కాలువ వంతెన సెంటర్ షాపులవాళ్ళు, ఆటో స్టాండు వాళ్ళు, తోపుడు బళ్ళ వాళ్ళు, స్కూలు పిల్లల తల్లిదండ్రులు